ఎవల్యూషన్ చదవాలంటే: ఓయూలోనా, హెచ్‌సీయూలోనా, ఐసర్‌కి పోవాలా?

మా పిన్ని కూతురు ఇంటర్ సెకండియర్ పరీక్షలు అయిపోయిన మర్నాడే ఫోన్ చేసింది. "అక్కా, నాకు నీట్ వద్దు, లాంగ్ టర్మ్ అయితే అసలే వద్దు. నేను జీవపరిణామం చదువుతా. దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ అడ్మిషన్ల వెబ్‌సైట్) ఎంత వెతికినా ఆ పేరుతో కోర్సే కనపడట్లేదు" అంది. వెనక నుంచి పిన్ని గొంతు: "అది చదివితే ఏమవుతారో ముందు అడుగు!"

ఆ పేరుతో వెతికితే దొరకడం కష్టమే. మన దగ్గర ఎవల్యూషన్ ఎప్పుడూ ఇంకో సబ్జెక్టు ఇంట్లో అద్దెకుంటుంది. జువాలజీలో ఒక యూనిట్‌గా, జెనెటిక్స్‌లో ఒక పేపర్‌గా, ఐసర్ లాంటి కేంద్ర ప్రభుత్వ సైన్స్ సంస్థలో బయాలజీ విభాగంలో ఇద్దరు ముగ్గురు ప్రొఫెసర్ల ల్యాబులుగా ఉంటుంది. కాబట్టి డిగ్రీ మీద ఏం పేరుందన్నది పక్కన పెట్టి, ఆ డిగ్రీ లోపల ఎవరి దగ్గర, ఎన్నేళ్లకు, ఎంత లెక్కలతో ఈ సబ్జెక్టు చేతికొస్తుందో చూసి ఎంచుకోవాలి. నేను అలా చూడకుండా చేరినదాన్నే. హైదరాబాద్‌లోనే బీజడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) చేసి, తర్వాత ఎమ్మెస్సీ జువాలజీ చేసి, ఇప్పుడొక ల్యాబ్‌లో ప్రాజెక్టు మీద పనిచేస్తున్నా. చెల్లికి ఫోన్‌లో చెప్పిందే ఇక్కడ ఇంకొంచెం వివరంగా రాస్తున్నా.

ముందు లెక్కల సంగతి తేల్చుకోండి

ఎవల్యూషన్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉన్న డైనోసార్ అస్థిపంజరం. కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. గోదావరి లోయలో మన యామన్‌పల్లి దగ్గర దొరికింది కాబట్టి ఆ ఊరి పేరే పెట్టారు. స్కూలు టూర్‌లో దాని కింద నిలబడి తలెత్తి చూసినవాళ్లలో నేనూ ఒకదాన్ని, నాకు ఈ పిచ్చి అక్కడే మొదలైంది. కానీ యూనివర్సిటీలో ఎవల్యూషన్ క్లాసులో కూర్చుంటే ఎముకల మాట పది రోజులు వస్తే గొప్ప, మిగతా అంతా జనాభాలు, జన్యువులు, సంభావ్యతలు. ఇంటర్ జువాలజీలో, జనాభాలో జన్యు రూపాల నిష్పత్తి చెప్పే హార్డీ వైన్‌బర్గ్ సూత్రం గుర్తుందా, పీ స్క్వేర్ ప్లస్ టూ పీక్యూ ప్లస్ క్యూ స్క్వేర్ ఈజీక్వల్టు ఒకటి? నాలుగు మార్కుల కోసం బట్టీ పట్టి వదిలేశాం కదా, అసలు సబ్జెక్టు మొదలయ్యేది అక్కడి నుంచే.

ఒక ఉదాహరణ చెప్తా, ఇది మన దగ్గరిదే. హైదరాబాద్‌లో మత్తు డాక్టర్లకు బాగా తెలిసిన విషయం ఒకటుంది. ఆపరేషన్‌కు ముందు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్ కోలిన్ మామూలుగా కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది, కొందరిలో మాత్రం గంటలకొద్దీ దిగదు, వెంటిలేటర్ మీద ఉంచాల్సి వస్తుంది. ఆ మందును విరగ్గొట్టే ఎంజైమ్ లోపం వైశ్య సముదాయంలో మిగతా వాళ్లకంటే ఎక్కువ కనిపిస్తుంది. ఎందుకు? ఎవరి తప్పూ లేదు, ఎవరి ఆహారమూ కారణం కాదు. చాలా తరాల కిందట కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగిన సముదాయం తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వస్తే, ఆ కొద్దిమందిలో ఎవరికో ఉన్న ఒక అరుదైన మార్పు లక్షలమందిలోకి చేరుతుంది. దీన్నే ఫౌండర్ ఎఫెక్ట్ అంటారు. 2009లో 'నేచర్' పత్రికలో మన హైదరాబాద్ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, కుమారస్వామి తంగరాజ్, అమెరికాలోని డేవిడ్ రైక్ బృందంతో కలిసి భారతదేశంలోని 25 సముదాయాల డీఎన్ఏ చూసి రాసిన పేపర్‌లో ఇలాంటి ఫౌండర్ ఘటనలు మన దేశంలో ఎంత విస్తారంగా ఉన్నాయో చూపించారు. హబ్సిగూడ నుంచి ఉప్పల్ పోయే రోడ్డు పక్కన జరిగిన పని అది! అదే సముదాయం మొదట ఎంతమందితో మొదలై ఉంటుంది, ఎన్ని తరాలైంది అని లెక్క కట్టాలంటే మాత్రం కావలసింది ప్రాబబిలిటీ, కొంచెం క్యాలిక్యులస్, కంప్యూటర్ మీద కోడ్ రాయడం.

బైపీసీ తీసుకున్నదే లెక్కలు తప్పించుకోవడానికి అయితే ఇక్కడే ఒక నిమిషం ఆగి ఆలోచించండి. వెనక్కి వెళ్లిపొమ్మని అనట్లేదు, నేనూ అలా వచ్చినదాన్నే, ఎమ్మెస్సీలో ఇరవై రెండేళ్ల వయసులో కూర్చుని లాగరిథమ్‌లు మళ్లీ నేర్చుకున్నా. ఏడుపొచ్చింది, చివరికి లెక్కలూ వచ్చేశాయి. ఏ కోర్సు మీకు సరిపోతుందన్నది మాత్రం చాలావరకు ఈ ఒక్క దాని మీదే ఆధారపడి ఉంటుంది.

(డిగ్రీ పేరు గురించి మరీ బెంగ పడేవాళ్లకు ఒక చిన్న కథ. ఎవల్యూషన్‌కు గణిత పునాది వేసిన ముగ్గురిలో జె.బి.ఎస్. హాల్డేన్ ఒకడు. ఆయనకు సైన్స్ డిగ్రీయే లేదు, ఆక్స్‌ఫర్డ్‌లో లెక్కలతో మొదలుపెట్టి గ్రీకు, లాటిన్, తత్వశాస్త్రం చదివాడు. 1957లో ఇండియాకు వచ్చేసి కలకత్తా ఐఎస్ఐలో (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) పనిచేశాడు, అక్కడ ఆయన శిష్యుల్లో మన తెలుగువాడు ద్రోణంరాజు కృష్ణారావు ఉన్నాడు. 1964లో భువనేశ్వర్‌లో చనిపోతే, ఆయన రాసి పెట్టినట్టే దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. కాకినాడ వాళ్లకే ఈ సంగతి చాలామందికి తెలియదు.)

ఇంటర్ తర్వాత: మూడు దారులు, ఒక అడ్డదారి

మొదటిది దోస్త్ ద్వారా ఓయూ కింద ఏదో ఒక కాలేజీలో మూడేళ్ల బీఎస్సీ. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే నాకు చిరాకు. ఇంట్లో ఉండి బస్‌పాస్ మీద చదువు అయిపోతుంది, ఫీజు భారం తక్కువ, ఇంట్లో పరిస్థితి బాగోలేనప్పుడు ఇదొక్కటే సాధ్యమయ్యేది. కానీ లోపల ఏముంటుందో తెలుసుకుని చేరండి. మా కాలేజీలో ఎవల్యూషన్ యూనిట్ వచ్చేసరికి మేడమ్ "ఇది సెల్ఫ్ స్టడీ, రెండు ప్రశ్నలొస్తాయి, లామార్క్, డార్విన్ రాసేయండి" అని ముగించేశారు. ప్రాక్టికల్స్ అంటే రికార్డులో బొమ్మలు. మూడేళ్లలో నేను ఒక్క డీఎన్ఏ సీక్వెన్స్ కూడా కంప్యూటర్ మీద తెరిచి చూడలేదు. అన్ని కాలేజీలూ ఇలాగే ఉంటాయని అనను, అక్కడ బాగా చెప్పే లెక్చరర్ ఒక్కరుంటే చాలు మొత్తం మారిపోతుంది. చేరేముందు సీనియర్లను పట్టుకుని "ఎవల్యూషన్ ఎవరు చెప్తారు, నిజంగా చెప్తారా" అని అడగండి. కాంబినేషన్ ఎంచుకునే వీలుంటే మామూలు బీజడ్‌సీ కంటే జెనెటిక్స్ ఉన్నది తీసుకోమంటా, ఈ ఒక్క మార్పుతో తర్వాత చాలా సులువవుతుంది.

ఈ దారిలో ఉన్న అసలు లాభం ఖాళీ సమయం. మధ్యాహ్నం రెండుకు ఇంటికొచ్చేస్తారు. ఆ టైమ్‌లో ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల సైట్ ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా ఉన్న పాఠాలు వింటూ, డేటా లెక్కలకు వాడే ఆర్ లాంగ్వేజ్ నేర్చుకుంటూ పోతే మూడేళ్లకు ఐసర్ పిల్లలకు దగ్గరగా వచ్చేస్తారు. రెండో ఏడు నుంచే సైన్స్ అకాడమీలు మూడూ కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కి అప్లై చేయండి, రెండు నెలలు దేశంలో ఏదో ఒక మంచి ల్యాబ్‌లో పనిచేయవచ్చు, స్టైపెండ్ కూడా ఇస్తారు. మా బ్యాచ్‌లో దీని గురించి చెప్పిన లెక్చరర్ ఒక్కరూ లేరు. నాకు తెలిసింది డిగ్రీ అయిపోయాక.

రెండోది గచ్చిబౌలి హెచ్‌సీయూలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ. కేంద్ర విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాయాలి, అది ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ కాబట్టి నీట్ కోసం చదివింది వృథా పోదు. ఊరు దాటకుండా కేంద్ర విశ్వవిద్యాలయం, ఫీజు ప్రైవేటు కాలేజీలతో పోలిస్తే చాలా తక్కువ, జంతుశాస్త్రం, మొక్కలు, బయోకెమిస్ట్రీ, కంప్యుటేషనల్ బయాలజీ అన్నీ ఒకే స్కూల్ ఆఫ్ లైఫ్ సైన్సెస్‌లో పక్కపక్క విభాగాలు. మీరు తీసుకోగలిగితే లెక్కల వైపు కూడా దారి ఉంది. ఆ క్యాంపస్ కూడా ఒక పాఠమే అనుకోండి, చెరువులు, రాళ్లు, జింకలు, నెమళ్లు. 2025లో పక్కన కంచ గచ్చిబౌలి చెట్ల మీదికి బుల్డోజర్లు వచ్చినప్పుడు సుప్రీంకోర్టు ఆపేదాకా ఊరంతా చూసింది కదా, అదే. లోటు ఏమిటంటే ఇక్కడి లైఫ్ సైన్సెస్‌లో మొగ్గు ఎక్కువగా మాలిక్యులర్ వైపు ఉంటుంది. సీట్లూ తక్కువే, కాబట్టి ఇదొక్కటే నమ్ముకుని కూర్చోకూడదు.

మూడోది ఐసర్. మనవాళ్లకు దగ్గరిది తిరుపతి, 2015లో పెట్టారు, క్యాంపస్ ఏర్పేడు దగ్గర. రాత్రి రైలెక్కితే పొద్దున దిగుతారు, అమ్మావాళ్లకు దర్శనం కూడా అయిపోతుంది, ఒప్పించడానికి ఇది పనికొచ్చే మాటే. ఐదేళ్ల బీఎస్-ఎంఎస్, చివరి ఏడాది పూర్తిగా రీసెర్చ్. ఎవల్యూషన్‌ను సబ్జెక్టుగా చూసి బోధించే వాతావరణం ఈ మూడింటిలో ఇక్కడే ఎక్కువ. తిరుపతిలో పశ్చిమ కనుమల కొండ శిఖరాల మీద ఒంటరైపోయిన పక్షులు ఒక లోయకు ఇటు ఒక జాతిగా, అటు ఇంకో జాతిగా ఎలా విడిపోయాయో తవ్వే ల్యాబ్ ఉంది. పుణే, మొహాలీ ఐసర్‌లలో అయితే పండు ఈగలను సీసాల్లో వందల తరాలు పెంచుతూ కళ్ల ముందే పరిణామం జరిపించి చూస్తారు.

దీని ప్రవేశ పరీక్ష ఐఏటీ. మొత్తం 60 ప్రశ్నలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ ఒక్కో దాని నుంచి 15. మూడు గంటలు, 240 మార్కులు. బైపీసీ పిల్లలు ఇక్కడే భయపడి వదిలేస్తారు. కానీ ఎంపీసీ వాళ్లకూ బయాలజీ రాదు కదా! అందరూ ఒక కాలు లేకుండానే పరుగెత్తే పోటీ ఇది. మ్యాథ్స్‌లో పదో తరగతి స్థాయివి, ప్రాబబిలిటీ, సెట్లు, ప్రోగ్రెషన్లు చూసుకుని నాలుగైదు పెట్టగలిగినా ర్యాంకులో తేడా తెలుస్తుంది. చేరాక కూడా మొదట్లో మ్యాథ్స్, ఫిజిక్స్ అందరికీ ఉంటాయి, అక్కడ మొదటి సెమిస్టర్‌లో బైపీసీ పిల్లల టెన్షన్ మామూలుగా ఉండదు. బెంగళూరు ఐఐఎస్‌సీ కూడా ఐఏటీ ర్యాంకు తీసుకుంటుంది గానీ ఇంటర్‌లో మ్యాథ్స్ లేకపోతే ఆ బీఎస్‌కి అర్హతే ఉండదు, ఆశ పెట్టుకోవద్దు.

ఖర్చు విషయంలో ఐసర్ హెచ్‌సీయూ కంటే బరువే, హాస్టల్, మెస్ కూడా కలుస్తాయి. దానికి కొంత ఊరట ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్, ఏడాదికి 80,000. ఇంటర్ బోర్డు పరీక్షల్లో పై ఒక్క శాతంలో ఉన్నవాళ్లు బేసిక్ సైన్స్ ఎక్కడ చదివినా, అంటే ఓయూ బీఎస్సీలో చేరినా దీనికి అర్హులు. మన ఊళ్లో ఎంతోమంది టాపర్లు అప్లై చేయకుండానే వదిలేసుకుంటున్నారు.

ఇక అడ్డదారి. ఇంట్లో ఎంత చెప్పినా "సైన్స్ చదివి ఏం చేస్తావ్" దగ్గరే ఆగిపోయారనుకోండి, ఈఏపీసెట్ రాసి రాజేంద్రనగర్‌లో అగ్రికల్చర్ బీఎస్సీ చేరండి. నవ్వకండి. పంటల బ్రీడింగ్ అంటే మనిషి చేతులతో చేసే ఎవల్యూషనే, ఏ గుణం ఎంత వారసత్వంగా వస్తుంది, ఎంపిక చేస్తే తరానికి ఎంత మారుతుంది అన్న సమీకరణాలు రెండుచోట్లా అవే. మనం రోజూ తినే కందిపప్పు పుట్టిల్లు ఇండియానే, ఆ కంది జీనోమ్‌ను చదివిన బృందానికి నాయకత్వం వహించింది మన పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్. అక్కడి జన్యు బ్యాంకులో లక్షకు పైగా విత్తన రకాలున్నాయి. పల్లెలో పొలం ఉన్న ఇళ్లలో ఈ మాట చెప్తే నాన్నలు వెంటనే మెత్తబడతారు, ఉద్యోగాల నోటిఫికేషన్లూ కనపడతాయి కాబట్టి.

నన్నడిగితే నా ఓటు ఇలా: లెక్కలంటే భయం లేక, ఇల్లు వదలగలిగితే ఐసర్. ఇల్లు వదలడం కుదరకపోతే, సీటొస్తే హెచ్‌సీయూ. రెండూ కాకపోతే ఓయూ బీఎస్సీ, కానీ ఈ సబ్జెక్టు కోసం ఇంకో ఏడాది ఆగి మళ్లీ ఐఏటీ రాయడం మాత్రం వద్దు. ఆ ఏడాదిలో ఓయూలో ఒక సమ్మర్ ఫెలోషిప్‌కు కావలసినంత నేర్చుకోవచ్చు.

డిగ్రీలో ఉన్నవాళ్లు, పీజీ చూసుకునేవాళ్లు

ఇక్కడ పోలిక సులువు. ఓయూలో చేరాలంటే సీపీగెట్, హెచ్‌సీయూలో చేరాలంటే సీయూఈటీ పీజీ, రెండూ రాయండి. ఓయూలో జువాలజీ, జెనెటిక్స్ రెండూ వస్తే ఏది? ఇష్టం ప్రకారం అయితే జెనెటిక్స్. కానీ ఒక చేదు నిజం ఉంది, ఇది నాకు ఎవరూ ముందు చెప్పలేదు. జూనియర్ లెక్చరర్, డిగ్రీ లెక్చరర్ పోస్టులకు నోటిఫికేషన్ పడినప్పుడు వాళ్లు చూసేది మీకు ఎంత తెలుసన్నది కాదు, సర్టిఫికెట్ మీద సబ్జెక్టు పేరేమిటన్నది. జువాలజీ పోస్టుకు జువాలజీ అని రాసి ఉండాలి. బీఎస్-ఎంఎస్, ఇంటిగ్రేటివ్ బయాలజీ లాంటి పేర్లతో వెళ్తే సమానార్హత తేల్చుకోవడానికి కాగితాలు పట్టుకుని తిరగాల్సి రావచ్చు. గవర్నమెంట్ లెక్చరర్ ఉద్యోగమే మీ లక్ష్యమైతే కళ్లు మూసుకుని ఎమ్మెస్సీ జువాలజీ చేసి, లెక్చరర్ అర్హత పరీక్షలు నెట్ గానీ సెట్ గానీ కొట్టండి. రీసెర్చే లక్ష్యమైతే ఆ పేరు గొడవ వదిలేయండి.

రీసెర్చ్ వైపు రెండు పరీక్షలు ముఖ్యం. సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్‌లో 13 యూనిట్లు, అందులో పదకొండోది ఎవల్యూషన్ అండ్ బిహేవియర్. కోచింగ్ సెంటర్లలో ఇది ఆఖరి వారంలో పరుగెత్తించే యూనిట్, మీకు ఇష్టమైనదే కాబట్టి మార్కులు మీవే. ఆ పరీక్షలో జేఆర్ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. పిన్ని ప్రశ్నకు నేను చెప్పిన జవాబు ఇదే, "పిన్నీ, పీహెచ్‌డీ చదివితే మనం కట్టక్కర్లేదు, వాళ్లే ఇస్తారు." కాసేపు మాట్లాడలేదు. ఇంకోటి గేట్, అందులో ఎకాలజీ అండ్ ఎవల్యూషన్ అని ప్రత్యేకంగా పేపరే ఉంది, కోడ్ ఈవై. మన దగ్గర దీని పేరు విన్నవాళ్లు తక్కువ. సిలబస్ ఒకసారి తెరిచి చూడండి, చదువుతుంటే ఆనందం వేస్తే మీరు సరైన చోటే ఉన్నట్టు.

పీహెచ్‌డీకి ఊళ్లోనే ఉండాలంటే సీసీఎంబీ. మనుషుల జన్యు చరిత్ర మీదైతే దేశంలో దీనికి సాటి వచ్చేవి తక్కువ. వన్యప్రాణుల వైపైతే దాని అత్తాపూర్ శాఖ లాకోన్స్, అంతరించిపోయే జంతువుల మీద పనిచేస్తుంది, జూలో మూషిక జింకలను పెంచి అమ్రాబాద్ అడవిలో వదలడంలో వాళ్ల చెయ్యి ఉంది. కానీ శుద్ధ ఎవల్యూషన్ సిద్ధాంతం, జంతువుల ప్రవర్తన, సీసాల్లో ఈగల ప్రయోగాలు కావాలంటే బెంగళూరు పోవాల్సిందే. ఐఐఎస్‌సీలో సెంటర్ ఫర్ ఎకలాజికల్ సైన్సెస్, జేఎన్‌సీఏఎస్ఆర్, ఎన్‌సీబీఎస్ అనే పరిశోధన సంస్థలు మూడూ ఒకే ఊళ్లో ఉన్నాయి. ఆ ఊరి ట్రాఫిక్ గురించి మాత్రం నన్నేం అడగొద్దు.

విదేశాల గురించి రెండు మాటలే. దిల్‌సుఖ్‌నగర్ కన్సల్టెన్సీ వాళ్లకు ఈ సబ్జెక్టు తెలియదు, మిమ్మల్ని డేటా సైన్స్‌లోకి తోస్తారు. యూరప్‌లో మీమ్ అనే ఎరాస్మస్ ముండుస్ మాస్టర్స్ ఉంది, ఉప్సలా, గ్రోనింగెన్, మోంపెలియే, మ్యూనిక్ యూనివర్సిటీలు కలిసి ఎవల్యూషనరీ బయాలజీలోనే ఇస్తాయి, స్కాలర్‌షిప్‌తో పోతేనే అర్థముంది. అమెరికా అయితే అప్పు చేసి ఎంఎస్‌కి వెళ్లొద్దు, స్టైపెండ్ ఇచ్చే పీహెచ్‌డీకే నేరుగా అప్లై చేయండి. మూడేళ్ల బీఎస్సీతో అది కష్టం, ఐదేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లకు సులువు.

అకడమిక్స్ వద్దనుకునేవాళ్లకు డీఎన్ఏ డేటా చదవడం వస్తే జీనోమ్ వ్యాలీ కంపెనీల్లో, జెనెటిక్ టెస్టింగ్ ల్యాబుల్లో చోటు ఉంటుంది. లామార్క్, డార్విన్ రాసేయడం మాత్రమే వస్తే ఉండదు.

చెల్లి ఐఏటీ, సీయూఈటీ రెండూ రాసింది, దోస్త్‌లో కూడా జెనెటిక్స్ ఉన్న కాలేజీ ఒకటి మొదటి ఆప్షన్‌గా పెట్టించా. ఆఖరిగా ఒక పని చెప్పా, మీకూ చెప్తున్నా, ఎందుకంటే ప్రతి ఏడూ దీనివల్ల సీట్లు పోతాయి. ఐసర్‌కూ హెచ్‌సీయూకూ మన రాష్ట్రం ఇచ్చే మామూలు బీసీ సర్టిఫికెట్ పనికిరాదు, కేంద్ర ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీ లేయర్ కావాలి, అదీ ఆ ఏడాదిదే. రాష్ట్ర జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర జాబితాలో ఉండవు, ముందు అది చూసుకోండి. ఈడబ్ల్యూఎస్ వాళ్లకూ ఆ ఏడాదిదే కావాలి. మీసేవలో ఇప్పుడే దరఖాస్తు పెట్టి, ఎమ్మార్వో ఆఫీసు నుంచి వచ్చేదాకా వారానికొకసారి అడుగుతూ ఉండండి.